గుమ్మడి పండుగలకు శరత్కాల ప్రయాణములు

శరదృతువు వచ్చినదని తెలిసికొనుటకు సికింద్రాబాదు నగరములో ఆకాశము వంక చూడనక్కరలేదు. జూబిలీ బస్సు స్టేషను ముంగిటికి పోయి నిలుచున్న చాలును. పెత్రమాస మొదలు దసరా వరకు అక్కడ పగలనక రాత్రియనక జనము కిటకిటలాడుచుందురు. చంకలో బిడ్డ, చేతిలో సంచి, సంచిలో తల్లి కొరకు కొన్న చీర. సిద్దిపేటకు, కరీంనగరుకు, మెదకుకు, నిజామాబాదుకు పోవు బస్సుల కొరకు ఎదురుచూపులు. రైల్వే స్టేషనులోను ఇదే సందడి. కారు కలవారు కారులో పోవుదురు. లేనివారు రెండు మూడు కుటుంబములు కలిసి అద్దెకు మాట్లాడుకొన్న వ్యానులో బయలుదేరుదురు. సంవత్సరమంతయు పల్లె నుండి పట్నమునకు సాగు జనప్రవాహము ఈ పది దినములు మాత్రము వెనుకకు మరలును.

ఈ ప్రయాణములన్నియు బతుకమ్మ అను పూల పండుగకు. ఆ పూలలో ఒకటి గుమ్మడిపువ్వు. ఈ గుమ్మడిపువ్వు కొరకు మనము చేయు ప్రయాణమును గూర్చియు, అమెరికా దేశములో గుమ్మడికాయ కొరకు జనులు చేసిన ఇటువంటి ప్రయాణమును గూర్చియు, ఆ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినప్పుడు మనకు తెలియవచ్చు ఒక విషయమును గూర్చియు ఈనాడు ముచ్చటించుకొందము.

మన తెలుగువారు గుమ్మడి అను ఒకే పేరుతో రెండు కాయలను పిలుచుచున్నారు. పులుసులోనికి, దప్పళములోనికి పనికివచ్చు తీపిగుమ్మడి ఒకటి. వడియములకు, దిష్టి తీయుటకు వాడు బూడిదగుమ్మడి మరియొకటి. రెండును ఒకే కుటుంబమునకు చెందిన తీగలే అయినను వాటి పుట్టిల్లు ఒకటి కాదు. బూడిదగుమ్మడి ఆసియా ఖండమునకు చెందినది. తీపిగుమ్మడి జన్మస్థానము అమెరికా. మెక్సికో దేశపు గుహలలో దొరికిన గుమ్మడి జాతి గింజలు సుమారు 10,000 సంవత్సరముల నాటివని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. 1492లో కొలంబసు ఓడ ఆవలి తీరము చేరిన తరువాతనే ఈ తీగ సముద్రములు దాటి మన దేశమునకు వచ్చినది. మన బంతిపువ్వు కూడ మెక్సికో నుండి వచ్చినదే. తంగేడు మాత్రము మన మెట్టనేలలలో పుట్టి పెరిగినది. కావున బతుకమ్మ పళ్లెములో ఊరి బీటిలో పూచిన తంగేడును, సముద్రము దాటి వచ్చిన గుమ్మడియు, బంతియు ఒకదానిపై ఒకటి కూర్చున్నవి. పరాయిదానిని తనదిగా చేసికొనుట మన ఆడపడుచులకు కొత్త విద్య కాదు.

బతుకమ్మను పేర్చునప్పుడు వెదురు సిబ్బిలోనో, ఇత్తడి తాంబాళములోనో మొదట గుమ్మడి ఆకులను పరతురు. వాటిపై తంగేడు, గునుగు, బంతి, కట్ల, పట్టుకుచ్చులు వరుసవరుసలుగా గోపురమువలె పేర్తురు. శిఖరమున గుమ్మడిపువ్వు నిలుచును. పసుపుతో చేసిన గౌరమ్మను దాని చెంత నిలుపుదురు. కొన్ని ఊళ్లలో గుమ్మడిపువ్వు నడిమి దిమ్మనే గౌరమ్మగా భావించి పూజింతురు. అడుగున ఆకు, శిఖరమున పువ్వు: బతుకమ్మకు ఆదియు అంతమును గుమ్మడితీగయే.

ఈ పువ్వునకు ఒక స్వభావము కలదు. అది తెల్లవారుజామున విచ్చును. ఎండ ముదిరిన కొలది ముడుచుకొనును. తంగేడును గునుగును మూటలు కట్టి లారీలపై పట్నమునకు చేర్చవచ్చును. మోండా మార్కెట్టులో అవి కుప్పలుగా అమ్ముడుపోవుచున్నవి. గుమ్మడిపువ్వును అట్లు మూటకట్టుటకు వీలులేదు. ఉదయము కోసి, తడిగుడ్డలో చుట్టి, సాయంకాలములోపల వాడవలెను. గుమ్మడిపువ్వు పట్నమునకు రాలేదు కావున పట్నమే గుమ్మడిపాదు వద్దకు పోవలసి యున్నది. మా ప్రయాణమునకు కారణమేమని ఎవరైన అడిగినచో మేము చెప్పు మొదటి కారణము ఇదియే.

పూర్వము ఈ ప్రయాణము గూడుబండిలో జరిగెడిది. వెదురు తడికల గూడు, లోపల గడ్డి పరచి దానిపై బొంత, వెనుక సద్దిమూట, బండి క్రింద వ్రేలాడు లాంతరు. దారిలో బావి వద్ద ఎడ్లను విప్పి, మూడు రాళ్లు పెట్టి అన్నము వండుకొనెడివారు. రాత్రి అయినచో బండియే ఇల్లు. 1874 అక్టోబరులో వాడి నుండి సికింద్రాబాదునకు రైలుమార్గము తెరువబడినది. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. ఆనాటి నుండి బండిప్రయాణము రోజుల నుండి గంటలకు తగ్గినది. 2023 డిసెంబరు 9వ తేదీన మహాలక్ష్మి పథకము క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో తెలంగాణ స్త్రీలకు ఉచిత ప్రయాణము లభించిన తరువాత, టిక్కెట్టు డబ్బులకు వెనుకాడి పుట్టింటికి పోలేకపోయిన ఇల్లాండ్రు కూడ ఈ దినములలో బస్సు ఎక్కుచున్నారు.

పుట్టిల్లు, అత్తిల్లు అను రెండు ఇండ్ల నడుమ జరుగు పండుగ ఇది. వేములవాడలో సద్దుల బతుకమ్మను తొమ్మిదవనాడు గాక ఏడవనాడే ఆడుదురు. ఆడపడుచులు ఏడవనాడు ఒక ఇంట, తొమ్మిదవనాడు మరియొక ఇంట ఆడుకొనుటకే ఈ ఏర్పాటని అక్కడివారు చెప్పుదురు. ప్రయాణమునకు వీలు కల్పించుటకై పండుగ తిథియే రెండుదినములు ముందునకు జరిగినదన్నమాట.

మేము సాధారణముగా రాజీవ్ రహదారి మీదుగా పోవుదుము. తిరుమలగిరి, అల్వాలు, హకీంపేట దాటి శామీరుపేట చెరువు కనబడు వరకు పట్నము వెంబడించుచునే యుండును. ఆ పిమ్మట ఒక్కసారిగా నేల విశాలమగును. మొక్కజొన్న కంకులు గట్టిపడుచుండును. పత్తి కాయలు విచ్చుటకు సిద్ధముగ నుండును. చేల నడుమ తెల్లగా, గులాబిరంగు కొనలతో గునుగు నిలిచియుండును. రైతుకు అది కలుపుమొక్క. తొమ్మిది దినములు మాత్రము అది పూజాద్రవ్యము. రోడ్డు వారల తంగేడు పసుపు ఆరబోసినట్లుండును. సిద్దిపేట చేరుటకు సుమారు 100 కిలోమీటర్లు. అక్కడ కోమటిచెరువు కట్టపై పండుగనాటి సాయంకాలము చూడదగినది. అటునుండి మా ఊరు ఎంతో దూరము లేదు.

తెల్లవారి గుమ్మడిపూలు కోయుట పిల్లల పని. వారికి పెద్దమ్మలు చెప్పు మొదటి పాఠము ఒకటి కలదు. గుమ్మడితీగపై రెండు విధముల పూలు పూయును. పొడవైన సన్నని కాడపై నిలుచునది మగపువ్వు. క్రింద గోలీ వంటి పిందె కలది ఆడుపువ్వు. మగపూలు ముందుగా వచ్చును. సంఖ్యలోను అవే హెచ్చు. తేనెటీగ ఒక దానిపై నుండి మరియొక దానిపైకి పుప్పొడి చేర్చినగాని పిందె నిలువదు. కావున కాడపూలను కోయవలెను, పిందెపూలను ముట్టరాదు, కాడపూలలోను కొన్నింటిని తేనెటీగకు విడువవలెను. ఈ పాఠము వినిన పిల్లవాడు వృక్షశాస్త్రము చదువకయే సగము శాస్త్రము నేర్చినవాడగును.

తొమ్మిదవనాడు సద్దులు. పెరుగన్నము, పులిహోర, నువ్వులసద్ది, కొబ్బరిసద్ది, రొట్టెను బెల్లముతో నలిపిన మలీద, సత్తుపిండి. ప్రొద్దువాలిన పిమ్మట వీధివీధి నుండి బతుకమ్మలు తలలపై కదలివచ్చును. చెరువు వద్ద వాటిని నడుమనుంచి స్త్రీలు వలయముగా తిరుగుచు చప్పట్లు చరచుచు పాడుదురు. చీకటి పడిన తరువాత ఒక్కొక్క బతుకమ్మను నీటిపై నుంచి మెల్లగా ముందునకు త్రోయుదురు. గుమ్మడి ఆకు నావవలె తేలును. శిఖరముననున్న పువ్వు దీపపు వెలుగులో కొంతదూరము కనబడి ఆ పిమ్మట కలిసిపోవును. అందరును ఒకరికొకరు సద్దులు పంచుకొని తిందురు. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన తరువాత ఇది రాష్ట్ర పండుగ అయినది. సికింద్రాబాదును హైదరాబాదును కలుపు హుస్సేనుసాగరు కట్టపై కూడ వేలాది స్త్రీలు ఆడుచున్నారు. అయినను ఊరి చెరువునకు పోవువారి సంఖ్య తగ్గలేదు.

ఇక దూరదేశపు గుమ్మడి పండుగ సంగతి. అమెరికాలో శరత్కాలమున ఎక్కడ చూచినను గుమ్మడికాయలే. అక్టోబరు 31వ తేదీన వచ్చు హాలోవీను పండుగకు కాయలను తొలిచి కన్నులు, నోరు చెక్కి లోపల దీపముంతురు. పండుగ ముగిసిన తరువాత మిగిలిన కాయలను ఏమి చేయుట? తూర్పుతీరమున డెలవేరు అను చిన్న రాష్ట్రములో 1986లో కొందరు మిత్రులు ఈ కాయలను ఎవరు ఎక్కువ దూరము విసరగలరో చూతమని పందెము వేసికొనిరి. ఆ పందెమే ఏటేట జరుగు జాతర అయినది. హాలోవీను తరువాతి వారాంతమున పంట కోసిన పొలములో అది జరిగెడిది.

మన పల్లెలలో జొన్నచేనిలో మంచెపై నిలిచి పిట్టలను తోలు వడిసెలను ఎరుగనివారు లేరు. అక్కడివారు కట్టిన యంత్రములలో కొన్ని ఆ వడిసెలకు ఇల్లంతటి రూపములు. ఒకవైపు బరువు క్రిందికి దిగగా రెండవవైపు చేయి పైకి లేచి, చివరనున్న వల నుండి కాయను విసరును. మరికొన్ని గాలిని ఒత్తిడితో నింపి, ఒక్కసారిగా విడిచి కాయను ప్రేల్చు ఫిరంగులు. వాటి గొట్టములు తాటిచెట్లను మించిన పొడవు. కాయ బరువు సుమారు 4 కిలోగ్రాములు. నేలను తాకువరకు అది పగులకుండవలెను. ఆకాశమున పగిలినచో లెక్కకు రాదు. 2010లో యూటా రాష్ట్రములోని మోయాబు వద్ద ఒక గాలిఫిరంగి గుమ్మడికాయను 5,545 అడుగుల దూరము, అనగా మైలునకు మించి, విసరినది.

ఈ జాతరకు అనేకులు ఇండ్లతో సహా వచ్చెడివారు. మోటారు ఇంజనుపై నడుచు ఇల్లు ఒకటి అక్కడ ప్రచారములో నున్నది. దానిలో పడకలు, పొయ్యి, నీటితొట్టి, స్నానపు గది కలవు. కుటుంబమంతయు దానిలో బయలుదేరి, పొలము ప్రక్కన నిలిపి, అక్కడనే వండుకొని, అక్కడనే నిదురించెడివారు. మన గూడుబండికి ఇది ఇంజను తగిలిన చెల్లెలని మేము భావింతుము. వచ్చిన సొమ్ములో కొంత విద్యార్థి వేతనములకు, ధర్మకార్యములకు వినియోగించెడివారు. పల్లెకు సంపాదన, పట్నవాసికి వేడుక, ఇంజనీరునకు పరీక్ష.

అటువంటి పండుగ ఏమైనది? యంత్రముల బలము పెరిగిన కొలది వాటికి కావలసిన పొలము పెరిగినది. 2011లో ఉత్సవములో పనిచేయుచున్న ఒక స్వచ్ఛంద సేవకుడు వాహన ప్రమాదమున గాయపడెను. వ్యవహారము న్యాయస్థానమునకు చేరినది. పొలము ఇచ్చిన పాపమునకు తానును బోనెక్కవలసి వచ్చునని భూస్వామి భయపడుట సహజమే. 2014లోను 2015లోను పండుగ జరుగలేదు. స్థలము కుదరక ఒకసారి, బీమా లభింపక మరియొకసారి. 2016లో మరల జరిగినది. ఆ యేడు ఒక గాలిఫిరంగి భాగము ఊడి తగిలి, చిత్రీకరణకు వచ్చిన ఒక స్త్రీకి తీవ్రమైన గాయము తగిలినది. ఆ తరువాత డెలవేరులో ఆ పండుగ జరుగలేదు. 2019లో దూరముననున్న ఇల్లినాయి రాష్ట్రములో ఒకసారి నడపిరి.

శ్రోతలు ఇచట ఒక విషయము గమనింపవలెను. ఆ పండుగకు గుమ్మడికాయల కరవు రాలేదు. యంత్రముల కరవు రాలేదు. వచ్చువారి కరవు అసలే రాలేదు. కరవు వచ్చినది చోటునకు. మైలు పొడవు పొలమును నమ్మకముతో ఇచ్చువారు లేనప్పుడు అంతటి జాతరయు నిలువలేక పోయినది.

మన పండుగకు పొలము వంటిది చెరువు. తెలంగాణములో ప్రకృతి ఇచ్చిన సరస్సులు అరుదు. చెరువులు మనుష్యులు కట్ట వేసి, వాననీటిని ఆపి నిలిపినవి. కాకతీయుల కాలమునాటి రామప్ప, పాకాల చెరువులు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నవి. 2015 మార్చిలో ప్రారంభమైన మిషన్ కాకతీయలో 46,000 పైచిలుకు చెరువులను బాగుచేయ తలపెట్టిరన్నచో ఈ నేల ఎన్ని చెరువులపై ఆధారపడినదో ఊహింపవచ్చును. ఆ యేడే వానలు ముఖము చాటు చేసినవి. మా ఊరి చెరువు అడుగు పగుళ్లు విచ్చియుండగా, ట్యాంకరుతో నీరు తెచ్చి చిన్నగుంట నింపి దానిలో బతుకమ్మలను విడిచితిమి. పాట ఆగలేదు. కాని మోకాలిలోతు గుంటలో ఒకదానిపై ఒకటి ఒరిగిన పూలను చూచి ముసలమ్మలు కంటతడి పెట్టిరి.

వాన రాని చెరువు మరుసటి యేడు నిండవచ్చును. మట్టితో నింపిన చెరువు తిరిగి రాదు. హైదరాబాదులోని అంబరుపేటలో బతుకమ్మ కుంట అను పేరుగల చెరువు ఒకటి కలదు. పాత దస్తరములలో దాని విస్తీర్ణము 14 ఎకరములకు పైగా నున్నది. కాలక్రమమున చెత్తయు మట్టియు పడి, ఆక్రమణలు పెరిగి, నీటిజాడయే లేకుండ పోయినది. హైడ్రా సంస్థ త్రవ్వించి, సుమారు 5 ఎకరముల మేర దానిని తిరిగి చెరువుగా నిలుపగా 2025 సెప్టెంబరులో ప్రారంభోత్సవము జరిగినది. ఆ యేడు అక్కడ స్త్రీలు బతుకమ్మ ఆడిరి. 14 ఎకరములలో 5 మిగులుటను చూచి సంతోషింపవలెనా, విచారింపవలెనా యన్నది శ్రోతల విజ్ఞతకే విడిచెదము. ఒక్కటి మాత్రము నిశ్చయము. బతుకమ్మ పేరు పెట్టుకొన్న చెరువే మాయము కాగలిగినప్పుడు, పేరులేని ఊరికుంట మాయమగుటకు ఎంతసేపు?

పట్నము నుండి పోవు మనము ఆ చెరువునకు అతిథులము. అతిథికి కొన్ని మర్యాదలు కలవు. కార్లను కట్ట మీదికి తోలరాదు. కట్ట నడుచువారిది, ఆడువారిది. దారికి దూరముగ నిలిపి నడచిపోవలెను. తెల్లని గునుగుకు రంగులద్దుట పట్నపు అంగళ్లలో పెరిగిన అలవాటు. ఆ రంగులు చాలవరకు రసాయనములు. సాయంకాలమునకు అవి చెరువు నీటిలో కలియును. మరునాడు ఆ నీటినే గేదెలు త్రాగును. రంగులేని గునుగుకు లేని అందము ఏమున్నది? పూలక్రింద థర్మోకోలు దిమ్మలను, ప్లాస్టిక్కు పళ్లెములను ఉంచి నీటిలో వదలువారును కలరు. గుమ్మడి ఆకు చేయు పనికి అవి ఏల? ఆకు నాలుగు దినములలో నీటిలో కలిసిపోవును. థర్మోకోలు మన మనుమల నాటికిని తేలుచునే యుండును.

మరియొక మర్యాద ప్రాణములకు సంబంధించినది. పూడిక తీసిన చెరువులలో గుంటలు ఎక్కడెక్కడ నున్నవో ఊరివారికే సరిగా తెలియదు. ఏడాదికొకసారి వచ్చు మనకు తెలియునా? చీకటిలో నీటిలోనికి దిగకుండ, బతుకమ్మలను విడుచు పనిని ఈతవచ్చిన ఊరివారికి అప్పగించుట మేలు. పిల్లల చేయి విడువరాదు. డెలవేరు పండుగను ముగించినది ద్వేషము కాదు. ఒకటి రెండు ప్రమాదములు. ఒక ఊరి చెరువు వద్ద ఒక దుర్ఘటన జరిగినచో ఆ ఊరివారు మరుసటి యేడు మనలను ఏ ముఖముతో రమ్మందురు?

తిరుగు ప్రయాణమున రెండవ గుమ్మడి ఎదురగును. దసరా దినములలో ఆయుధపూజ నాడు బస్సులకు, లారీలకు, కార్లకు, కార్ఖానాలకు బూడిదగుమ్మడిని దిగదుడిచి, కుంకుమ కలిపి నేలకు కొట్టుట మన ఆచారము. ప్రయాణము క్షేమముగా సాగవలెనన్నది దానిలోని కోరిక. కాని ఆ ముక్కలు నడిరోడ్డున మిగిలినచో వాటి జిగట గుజ్జుపై చక్రము జారి మోటారు సైకిలువారు పడుచుందురు. ఒకరి క్షేమము కొరకు కొట్టిన కాయ మరియొకరి కాలు విరుగగొట్టరాదు. కొట్టిన చేతితోనే ముక్కలను ప్రక్కకు ఎత్తివేయుట రెండు నిమిషముల పని. దిష్టి ఏమియు తిరిగి రాదు.

ఈ ప్రయాణములు మాని ఇంటనే కూర్చుండుడని మేము చెప్పుట లేదు. నగరములోని ఆడపడుచులు పోవుట మానినచో పల్లెలో గుమ్మడిపాదు పెట్టు చేయి కూడ మందగించును. రాబోవువారి కొరకే ముసలి తల్లులు ఆషాఢములో నాలుగు గింజలు ఇంటి వెనుక నాటి, తీగను కప్పుపైకి ప్రాకించుచున్నారు. తీగ పూచుటకు తేనెటీగ రాకపోకలు ఎట్లు అవసరమో, ఊరు పండుగ చేసికొనుటకు మన రాకపోకలు అట్లే అవసరము. తేనెటీగ పువ్వును చెరుపకయే తేనె తీసికొని పోవును. ఈ సంవత్సరము బస్సు ఎక్కు ప్రతి కుటుంబమును ఆ పద్ధతిని పాటించినచో చాలును. వచ్చిన దారినే పోవుచు, పుట్టింటివారిచ్చిన గుమ్మడికాయను ఒడిలో పెట్టుకొని, దాని గింజలను కడిగి ఆరబెట్టి వచ్చే ఆషాఢమునకు తిరిగి పంపుడు. పట్నములో మనకు పాదు పెట్టు చోటు లేకపోవచ్చును. గింజను దాచు డబ్బా లేని ఇల్లు ఉండదు.